గోరింక చెప్పిన బదులు

ఇప్పలగట్టు అడవిలో కొండముచ్చులు, దుప్పులు, నెమళ్లు, ముళ్లపందులు ఉండేవి. అడవికి పడమట ఒక వాగు ఉంది. వేసవిలో అది ఎండిపోయి ఇసక మాత్రమే మిగిలేది.

ఎండలు ముదిరితే ఆ అడవికి మంటల భయం. అందుకని జంతువులు ఒక కట్టుబాటు పెట్టుకున్నాయి. సోమక్క అనే ముసలి కొండముచ్చు ఎత్తయిన మద్దిచెట్టు మీద కాపలా ఉండేది. రోజూ మధ్యాహ్నం ఒక కేక వేసేది. ప్రతి గుంపూ తన గొంతుతోనో చప్పుడుతోనో తిరిగి పలకాలి. మంట కనిపిస్తే మూడు కేకలు వేసేది. అప్పుడు పలికి ఊరుకుంటే చాలదు, వెంటనే వాగు ఇసకలోకి వెళ్లిపోవాలి. ఎవరైనా పలకకపోతే సోమక్క చెట్టు దిగి వాళ్లను వెతుక్కుంటూ వెళ్లేది.

ఒక ఏడాది ఆ అడవికి ఒక గోరింక వచ్చింది. అది నాలుగేళ్లు పట్నంలో ఒక బడి కిటికీ మీద బతికింది. అక్కడ ఇంగ్లీషు పాఠాలు వింది. తనకు రెస్పాండ్ అనే మాట తెలుసని అందరికీ చెప్పుకునేది.

ఆ మాటకు చాలా అర్థాలున్నాయట. అడిగినదానికి బదులు చెప్పినా రెస్పాండ్ అంటారట. పిలిస్తే లేచి వచ్చినా అదే అంటారట. జబ్బు మందుకు లొంగినా అదే మాట వాడతారట. దుప్పి పిల్లలు నోళ్లు తెరుచుకుని వినేవి. గోరింక మెడ నిక్కించి, అన్నిటికన్నా మొదటి అర్థమే గొప్పదని చెప్పేది. ఎందుకంటే అందులో దాన్ని మించినవాళ్లు లేరు. ఎవరి గొంతునైనా అచ్చంగా దించేసేది.

దుప్పుల మందకు పెద్ద జంగన్న. మంచివాడే కానీ సుఖపురుషుడు. మధ్యాహ్నం వెదురు పొదల్లో కునుకు తీసే వేళకే సోమక్క కేక వినిపించేది. లేచి పలకడం అతనికి విసుగు. ఒకరోజు గోరింక అతని దగ్గర వాలింది.

"జంగన్నా, ఇకమీదట మీ బదులు నేను చెబుతాను. మీరు పడుకోండి" అంది.

జంగన్న సంతోషంగా ఒప్పుకున్నాడు. అతని భార్య పున్నమ్మకు అది నచ్చలేదు. కానీ మంద అంతా ఒప్పుకున్నాక ఆమె ఊరుకుంది.

గోరింక నెమళ్లను అడిగింది. వాటికి తమ గొంతంటే ప్రాణం, ఇవ్వబోమన్నాయి. ముళ్లపంది కాటయ్యను అడిగింది. అతను పగలంతా బొరియలో నిద్రపోయేవాడు. ఆ కేకకు లేవడం అతనికే అందరికన్నా కష్టం. అయినా తల అడ్డంగా ఊపాడు.

"నిద్ర చెడితే చెడనీ. నువ్వు పలికితే సోమక్కకు నేను విన్నానని తెలుస్తుంది. నాకు మాత్రం ఏం తెలుస్తుంది?" అన్నాడు.

గోరింక నవ్వుకుంటూ ఎగిరిపోయింది. నెల గడిచింది. దుప్పులకు ఇప్పుడు సోమక్క కేక చెవిన పడినా మనసుకు ఎక్కడం లేదు.

ఒక మధ్యాహ్నం తూర్పు గట్టు వెనక సన్నగా పొగ లేచింది. గాలి అటువైపే వీస్తోంది, అందుకని ఎవరికీ వాసన తగల్లేదు. సోమక్క ఒక్కతే చూసింది. మూడు కేకలు వేసింది.

నెమళ్లు అరిచాయి. కాటయ్య ముళ్లు గలగలలాడించాడు. జంగన్న గొంతు కూడా వినిపించింది. అందరూ విన్నారనుకుని సోమక్క తన గుంపుతో వాగు వైపు పరుగెత్తింది.

గోరింక అలవాటుగా పలికేసి తానూ ఎగిరింది. వాగు చేరి చూస్తే ఇసకలో నెమళ్లున్నాయి, కొండముచ్చులున్నాయి. కాటయ్య పెళ్లాంపిల్లలతో ఆయాసపడుతూ వచ్చాడు. దుప్పి ఒక్కటీ లేదు.

అవి కేకను పట్టించుకోలేదని గోరింకకు అర్థమైంది. చెబితే పరువు పోతుందని ఎవరికీ చెప్పకుండా వెనక్కి ఎగిరింది. ఈలోగా గాలి తిరిగింది. మంట గట్టు దిగి ఎండుటాకుల మీద పాకుతోంది. వెదురు పొదల మీద పొగ కమ్మేసింది. గోరింక లోపలికి దూరలేకపోయింది. దూరం నుంచే సోమక్క గొంతుతో మూడుసార్లు అరిచింది. జంగన్న గొంతుతోనూ అరిచింది.

పొదల్లో జంగన్న కళ్లు తెరవలేదు. గోరింక తమ తరఫున పలుకుతోందని చెప్పి, మందను పడుకోమన్నాడు.

గోరింక వాగుకు తిరిగి వచ్చింది. రెక్క చివర్లు కమిలిపోయాయి. సోమక్క ముందు వాలి తల దించుకుంది.

"అక్కా, ఇందాక పలికింది జంగన్న కాదు, నేను. నెల రోజులుగా నేనే పలుకుతున్నాను" అంది.

సోమక్క తిట్టలేదు. వాళ్లెక్కడున్నారని మాత్రం అడిగింది. వెదురు పొదలనగానే కాటయ్య ముందుకు వచ్చాడు. తను రాత్రిళ్లు తిరిగే లోతైన ఎండు కాలవ ఆ పొదల పక్కనుంచే వాగులోకి వస్తుందని, అందులో రాళ్లే తప్ప ఆకు లేదని చెప్పాడు. సోమక్క ఆ కాలవలో దిగి పరుగెత్తింది. పొగకు కళ్లు మండాయి. ఒక చేత్తో ముక్కు మూసుకుని, రాళ్లు తడుముకుంటూ పోయింది.

ఆమె పొదల్లోకి దూకేసరికి వెదుళ్లు ఫటఫట పగులుతున్నాయి. దుప్పులు బెదిరి ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. పున్నమ్మను కాలవ వైపు తోసింది సోమక్క. ఆమె వెనకే పిల్లలు, వాటి వెనక ఆడ దుప్పులు దిగాయి.

జంగన్న ఒడ్డునే ఆగిపోయాడు. రెండు పిల్లలు ఇంకా పొదల్లో ఉన్నాయి.

"నువ్వు వీళ్లను తీసుకుపో అక్కా. ఇది నేను చేసిన పని" అన్నాడు. పొగలోకి వెళ్లాడు.

కాసేపటికి ఆ రెండు పిల్లలూ ఒకదాని వెంట ఒకటి కాలవలోకి దొర్లుకుంటూ వచ్చాయి. ఆ వెంటనే కాలిన వెదుళ్లు అడ్డంగా కూలాయి.

పొద్దు వాలేవేళకు మంట వాగు ఒడ్డున ఆగి చల్లారింది. సోమక్క ఇసకలో ఒక బండ ఎక్కి ఒక్కొక్కరినే పిలిచింది. నెమళ్లు పలికాయి. కాటయ్య ఇంటిల్లిపాదీ ముళ్లు ఆడించారు. పున్నమ్మ మంద తరఫున పలికింది. చివరికి సోమక్క జంగన్నను పిలిచింది.

బదులు రాలేదు. సోమక్క రెండోసారి పిలిచింది.

జంగన్న గొంతు గోరింకకు బాగా వచ్చు. అది ముక్కు విప్పలేదు. పున్నమ్మ చాలాసేపు కాలిన అడవి వైపు చూసింది. తర్వాత పిల్లలను లెక్కపెట్టుకుని, వాటిని తన దగ్గరకు తీసుకుంది.

నీతి: మన పిలుపుకు మనమే పలకాలి, నోటితో పలికి కాలు కదపకపోతే అది బదులు కాదు.