రెండు సొరుగుల కౌసల్య

"ఆ పిల్లయినా ఉండాలి, నేనైనా ఉండాలి. మీరే తేల్చండి" అంది ఋతప్రియ మాతాజీ, అవ్వ ముందు నిలబడి.

అవ్వ అంటే మా ఆశ్రమానికి పెద్దదిక్కు. దీక్ష పేరు నిర్మోహమాత. ఆ పేరు గేటు మీద ఉంటుంది గానీ పిల్లల నుంచి పాలు పోసే మనిషి దాకా అందరికీ ఆమె అవ్వే. నల్లమల అంచున ఆడపిల్లలకు బడి పెట్టింది, బడిలో లైబ్రరీ కట్టించింది, ఆ లైబ్రరీని తన శిష్యురాలు ఋతప్రియ చేతిలో పెట్టింది. ఋతప్రియ సన్యాసం తీసుకోకముందు కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషి. నియమం అంటే నియమమే. ఆమె లైబ్రరీలో దుమ్ము కూడా అడిగి వాలాలి.

అవ్వ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. తల ఎత్తకుండానే "ఏ పిల్ల?" అంది.

"ఎనిమిదో తరగతి సుంకులమ్మ."

సంగతేమిటంటే, ఋతప్రియ ఆ తరగతికి కార్డుల్లో పుస్తకం వెతకడం నేర్పుతోంది. లైబ్రరీలో ఒక చెక్క బీరువా, దానికి చిన్న చిన్న సొరుగులు. సొరుగు మీద అక్షరం, లోపల పుస్తకానికొక కార్డు. "ముందు రచయిత ఇంటిపేరు, తర్వాత సొంత పేరు. ఇంటిపేరు తెలిస్తే పుస్తకం దొరికినట్టే" అని చెప్పి, బేతంచర్ల కౌసల్య అనే ఆమె రాసిన కథల పుస్తకాలన్నీ వెతికి తెమ్మంది. పిల్లలు 'బే' సొరుగు లాగారు. మూడు కార్డులున్నాయి, మూడు పుస్తకాలు తెచ్చారు. సుంకులమ్మ మాత్రం నాలుగు తెచ్చింది.

నాలుగోదాని అట్ట మీద తలముడిపి కౌసల్య అని ఉంది.

"ఈమె వేరే" అంది ఋతప్రియ.

"కాదు మాతాజీ. ఇద్దరూ ఒకటే. పెళ్లికి ముందు పుట్టింటిపేరుతో ఒక పుస్తకం రాసినానని ఈ బేతంచర్ల కౌసల్య పుస్తకం ముందుమాటలో ఆమే చెప్పుకుంది, చూడండి."

"అయితే కావచ్చు. పుస్తకం మీద ఏ ఇంటిపేరుంటే ఆ సొరుగే. అది నియమం."

"పెళ్లయితే సగం మనిషి యాడికి పోతాది మాతాజీ?"

తరగతంతా కిసుక్కుమంది. పిట్ట కొంచెం కూత ఘనం అంటారే, అదే. ఋతప్రియకు ఒళ్లు మండిపోయింది. నోరు మూసుకుని కూర్చోమంది.

పిల్ల నోరు మూసుకుంది గానీ చేతులు మూసుకోలేదు. మర్నాడు 'కౌ' సొరుగులో కొత్త కార్డు ఒకటి ఉంది. "కౌసల్య. ఇంటిపేర్లు రెండు, మనిషి ఒక్కతే. 'బే'లో చూడండి, 'త'లో కూడా చూడండి" అని పెన్సిలుతో రాసి ఉంది. ఋతప్రియ దాన్ని చింపేసింది. మళ్లీ వచ్చింది. మళ్లీ చింపింది. ఆ పైన ఒకేసారి గుప్పెడు కార్డులొచ్చాయి! ఇక ఋతప్రియ ఆ పిల్లను నిలబెట్టి, "అందరి ముందూ క్షమాపణ చెప్పేదాకా లైబ్రరీ గడప తొక్కకు" అని చెప్పేసింది.

ఆ శిక్ష ఎంత పెద్దదో మాకందరికీ తెలుసు. సుంకులమ్మ వాళ్ల అమ్మ నాపరాళ్ల గనిలో కూలికి పోతుంది. ఇంట్లో అచ్చుకాగితం అంటూ ఉంటే అది క్యాలెండరు ఒక్కటే. ఆ పిల్లకు ఒక పూట అన్నం లేకపోయినా గడుస్తుంది, పుస్తకం లేకపోతే గడవదు. సాయంత్రం మిగతా పిల్లలు లోపల చదువుకుంటుంటే కిటికీ ఊచలు పట్టుకుని బయట నిలబడేది. క్షమాపణ మాత్రం చెప్పేది కాదు.

ఇదంతా విని అవ్వ ఆ పిల్లను పిలిపించింది.

"క్షమాపణ చెప్తావా?"

"చెప్పను అవ్వా. తప్పు చేస్తే చెప్తా."

"అడక్కుండా సొరుగులో కార్డులు పెట్టడం తప్పు కాదూ?"

"అడిగినా. వద్దన్నారు. అందుకే పెట్టినా."

"మరి లైబ్రరీలోకి రానివ్వకపోతే ఏం చేస్తావు?"

"ఏడుస్తా. ఏడ్చి మళ్లీ పెడతా."

"విన్నారా? విన్నారా అవ్వా దాని పొగరు!" అంది ఋతప్రియ.

అవ్వ ఒళ్లో ఈనెలు దులుపుకుని లేచింది. "పదండి, లైబ్రరీకి" అంది. ఆమె వస్తోందని తెలిసి ఎనిమిదో తరగతి అంతా ముందే అక్కడ చేరింది. సుంకులమ్మ గడప బయటే ఆగిపోయింది. అవ్వ దాని రెక్క పట్టుకుని లోపలికి లాక్కొచ్చింది.

"పిల్లలూ, మీ ఋతప్రియ మాతాజీ రాసిన పుస్తకాలన్నీ తెండి. ఆమె నేర్పినట్టే వెతకాలి సుమా."

పిల్లలు ఎగబడ్డారు. 'ఋ' సొరుగులో ఒకే ఒక్క కార్డు ఉంది. గీత మీద రాసిన చిన్న పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టారు.

"అంతేనా?"

"అంతే అవ్వా."

అవ్వ తానే బీరువా దగ్గరికి పోయి 'వే' సొరుగు లాగింది. వంకర తిరిగిన వేళ్లతో కార్డులు ఒక్కొక్కటే తిరగేసి, ఒకటి తీసి ఆ పుస్తకం పక్కన పెట్టింది. దాని మీద వేమవరపు సుగుణ అని ఉంది. బావుల దగ్గర ఆడవాళ్లు పాడుకునే పాటల మీద రాసిన పుస్తకానిది ఆ కార్డు.

"ఈ సుగుణ ఎవరు?" అంది అవ్వ.

పిల్లలకు తెలియదు. ఋతప్రియ ముఖం మాత్రం ఎర్రబడింది. ఆమె పూర్వాశ్రమం పేరు అది. అయినా తల వంచలేదు. వంచితే అవ్వ శిష్యురాలెట్లా అవుతుంది?

"ఆమె లేదు అవ్వా. దీక్ష తీసుకున్ననాడు నా పిండం నేనే పెట్టుకున్నాను. సుగుణ చచ్చిపోయింది. పోయిన మనిషి పుస్తకం పోయిన పేరు మీదే ఉండాలి. నియమం పిల్లలకొకటీ నాకొకటీ కాదు."

"నిజమే" అంది అవ్వ. "నువ్వు కోరి చచ్చావు తల్లీ. కౌసల్యను ఎవరైనా అడిగారా?"

అవ్వ ఎవరి ముఖమూ చూడలేదు. చిక్కుడుకాయలు ఎండిపోతాయంటూ వెళ్లిపోయింది.

ఋతప్రియ సుగుణ కార్డు చేతిలోకి తీసుకుంది. కళ్లు తుడుచుకుంది, దాచుకోవాలని కూడా చూడలేదు. తర్వాత బల్ల ముందు కూర్చుని, పక్కన పీట లాగి, ఒక ఖాళీ కార్డూ తన సిరాపెన్నూ సుంకులమ్మ ముందుకు తోసింది.

"రాయి, కౌసల్య కార్డు. కోడి కెలికినట్టు రాస్తే చింపేస్తాను."

"చింపితే మళ్లీ రాస్తా" అంది సుంకులమ్మ, కూర్చుంటూ.