చెవులపిల్లి చూసిన విడిది

అనగనగా ఒక అడవి. అడవి అన్నాక ఎక్కడో ఒకచోట ఆగాలి కదా, ఆ అడవి ఒక చెరువు దగ్గర ఆగింది. ఎంత చెరువనుకున్నారు? అవతలి ఒడ్డు కనపడదు. సాయంత్రమైతే సూర్యుడు దాంట్లోకే దిగేవాడు. అప్పుడు నీళ్ళన్నీ ఎర్రబడేవి. అది చూసిన ఏ జంతువైనా కాసేపు అటే చూస్తూ నిలబడేది.

ఆ అడవి లోపల ఒక చెవులపిల్లి ఉండేది. చెవులపిల్లి అంటే కుందేలే. దాని పేరు సింగారి. దానికి ముగ్గురు పిల్లలు. పెద్దది గోరింట, నడిమివాడు బొండు, చివరివాడు పిసరు. పేరుకు తగ్గట్టు వాడు పిసరంతే ఉండేవాడు.

సింగారి మంచిదే. కాకపోతే రెండు పట్టింపులుండేవి. ఒకటి శుభ్రం. పొద ముందు ఒక్క ఆకు రాలినా ఊరుకునేది కాదు. రెండోది శకునం. ఎవరైనా తుమ్మితే కూర్చునేది. తీతువు పిట్ట కూస్తే చెడు జరుగుతుందని చెవులు మూసుకునేది. అంత పెద్ద చెవులు మూసుకోవడం ఎంత కష్టమో మీరే ఆలోచించండి.

ఎండాకాలం వచ్చింది. పిసరు తల్లి వెంట పడ్డాడు.

"అమ్మా, అందరూ చెరువు చూశారంట. మనమే చూళ్ళేదు."

"సరేలే, రెండు రోజులు ఒడ్డున విడిది చేద్దాం" అంది సింగారి.

ఇక చూడండి హడావిడి. గోరింట గరిక మోపు కట్టింది. బొండు ఉసిరికాయలు ఏరాడు. సింగారి మోదుగాకులు కుట్టి చిన్న డేరా తయారు చేసింది. పిసరు ఏం మోశాడంటే, తనని తాను మోసుకున్నాడు. వాడికదే ఎక్కువ.

పొద్దు వాలుతుండగా నలుగురూ చెరువు చేరారు. చెట్ల సందులోంచి ముందు ఒక వెలుగు కనిపించింది. ఇంకో నాలుగడుగులు వేశాక చెట్లు అయిపోయాయి. ఎదురుగా నీళ్ళు. ఎటు చూసినా నీళ్ళే. నలుగురికీ ఒళ్ళు జల్లుమంది.

"అమ్మా, ఇదంతా ఎవరిదే?" అని మెల్లగా అడిగాడు పిసరు.

"ఎవరిదైతే ఏం నాన్నా, కళ్ళారా చూసుకో. ముందు డేరా వేసుకునే చోటు చూద్దాం పదండి" అంది సింగారి.

మొదట ఒక నేరేడు చెట్టు కింద ఆగారు. చల్లటి నీడ. కానీ చెట్టు నిండా కొంగలు. కింద నేలంతా రెట్టలు. సింగారి ముక్కు మూసుకుంది.

"ఛీ, ఇక్కడా? పదండి పదండి."

ఇంకొంచెం దూరం పోతే గులకరాళ్ళ దిబ్బ వచ్చింది. దిబ్బ మీద, రాళ్ళ మధ్య, ఒక పిట్ట కూర్చుని ఉంది. పొట్ట కింద దాని గుడ్లు. ఆ గుడ్లకీ రాళ్ళకీ రంగులో తేడాయే లేదు.

"విడిదికొచ్చారా అమ్మా? ఇక్కడే దిగండి. చోటుంది" అంది పిట్ట.

సింగారి గుండె గుభేలుమంది. అది తీతువు పిట్ట.

"దానివంక చూడకండి, పలకకండి" అని పిల్లల్ని ముందుకు తోసింది.

మూడోచోటు చూడగానే సింగారి మొహం వెలిగిపోయింది. అడవిలోంచి నీళ్ళ దాకా వెడల్పుగా, నున్నగా నేల. గడ్డిపరక లేదు. రాయి లేదు. ముల్లు లేదు.

"చూశారా, ఊడ్చి పెట్టినట్టుంది. మనకోసమే ఉంచారు" అంది.

"ఎవరు ఊడ్చారమ్మా?" అన్నాడు పిసరు.

"ఎవరో పుణ్యాత్ములు. నువ్వు ఆకులు పట్టుకో."

దిబ్బ మీద నుంచి తీతువు కేకేసింది. "ఓ చెవులపిల్లమ్మా, అక్కడ వద్దు. అది..."

"శుభమా అని పిల్లల్ని తీసుకుని వస్తే నీ కూతేమిటే?" అని కసిరింది సింగారి.

"నా కూత సంగతి తర్వాత తిట్టుకుందువు గాని. పొద్దు గూకేవేళ అక్కడికి..."

సింగారి గబగబా చెవులు మూసుకుంది. పిల్లల చేత కూడా మూయించింది. తీతువు మూడోసారి చెప్పింది. ఈసారి మాట పూర్తిగా చెప్పింది కూడా. ఏం లాభం? ఎనిమిది చెవులూ మూసే ఉన్నాయి.

డేరా లేచింది. సింగారి, గోరింట, బొండు ఒక పక్కన కూర్చుని గరిక తింటున్నారు. పిసరు మాత్రం డేరాకి కాస్త ఎడంగా నిలబడి నీళ్ళనే చూస్తున్నాడు. సూర్యుడు దిగాడు. నీళ్ళు ఎర్రబడ్డాయి.

అప్పుడు వాడికి కాళ్ళ కింద నేల వణికినట్టనిపించింది. వెనక్కి తిరిగాడు.

చెట్లు రెండుగా విడిపోతున్నాయి. మధ్యలోంచి ఒక పెద్ద తల వచ్చింది. చేటలంత చెవులు. తెల్లటి దంతాలు. దాని వెనక ఇంకొకటి, ఇంకొకటి. అన్నీ ఏనుగులే. పిల్ల ఏనుగులు తల్లుల కాళ్ళ మధ్య నడుస్తున్నాయి. అంతంత ఒళ్ళు, అడుగుల చప్పుడు మాత్రం వినపడటం లేదు. అవి రోజూ ఆ వేళకి నీళ్ళకి దిగే దారి అది. ఆ నేలని నున్నగా చేసింది ఆ పాదాలే.

"పరిగెత్తండి" అని అరిచింది సింగారి. గోరింట దూకింది. బొండు దూకాడు. పక్కనున్న పొదలో పడ్డాక సింగారి చూసుకుంది. పిసరు లేడు.

పిసరు దారి మధ్యలోనే ఉన్నాడు. వాడికి భయం వెయ్యలేదు. ఇంత పెద్ద ప్రాణం లోకంలో ఉంటుందని వాడికి తెలియదు. నోరు తెరుచుకుని, తల పైకెత్తి అలా చూస్తూ ఉండిపోయాడు. ముందు నడుస్తున్న పెద్దమ్మ ఏనుగుకి వాడు కనపడనే లేదు. దాని కాలు పైకి లేచింది.

సింగారి పొదలోంచి బయటికి ఉరికింది. కానీ అందేంత దగ్గరలో లేదు.

అంతలో తీతువు గుడ్ల మీంచి లేచింది. బాణంలా వచ్చి ఏనుగు కళ్ళ ముందు రెక్కలు కొట్టుకుంటూ గొంతు చించుకుని అరిచింది. సింగారి ఏ కూతకి చెవులు మూసుకుందో అదే కూత.

లేచిన కాలు గాలిలోనే ఆగింది. వెనక ఏనుగులన్నీ ఆగాయి.

"ఏమే తీతువూ, ఏమైంది నీకు?" అంది పెద్దమ్మ ఏనుగు.

"కాలి కింద చూసుకో తల్లీ."

పెద్దమ్మ ఏనుగు తొండం దించింది. పిసరుని వాసన చూసింది. ఆ ఊపిరికి వాడి చెవులు రెండూ వెనక్కి వాలాయి. తర్వాత తొండం కొసతో వాడిని మెల్లగా పక్కకి జరిపింది.

"ఇది మా దారి బిడ్డా. నా తల్లి నడిచింది, దాని తల్లి నడిచింది. ఒడ్డున ఎవర్నీ అడగలేదా?" అంది సింగారితో.

సింగారి పిసరుని పొట్ట కిందికి లాక్కుని పక్కకి తప్పుకుంది. ఏనుగులు ముందుకు నడిచాయి. డేరా నేలకి అంటుకుపోయింది. ఉసిరికాయలు పచ్చడైపోయాయి. సింగారి వాటివంక చూడలేదు.

పిల్లల్ని వెంటబెట్టుకుని గులకరాళ్ళ దిబ్బ దగ్గరికి వెళ్ళింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"వదినా, చోటుందా?"

"ఉందని అప్పుడే చెప్పాగా. గుడ్లు తొక్కకుండా కూర్చోండి" అంది తీతువు.

నలుగురూ కూర్చున్నారు. ఎర్రటి నీళ్ళలో ఏనుగులు ఒకదాని మీద ఒకటి నీళ్ళు చిమ్ముకుంటున్నాయి. పిల్ల ఏనుగులు మునిగి తేలుతున్నాయి. ఎంతసేపు చూసినా తనివి తీరలేదు.

"అమ్మా, అంత పెద్ద ఏనుగు నన్ను చూసి ఆగింది కదా" అన్నాడు పిసరు సంబరంగా.

సింగారి వాడి తల నిమిరింది.

"లేదు నాన్నా. అది నిన్ను చూడలేదు. అత్త కూత విని ఆగింది. నేను విననిది అది విన్నది."

నీతి: చెప్పే గొంతు నచ్చలేదని చెప్పే మాటను తోసెయ్యకూడదు. కొత్తచోట దిగేముందు అక్కడివాళ్ళని అడగాలి, వాళ్ళు చెప్పేది చివరిదాకా వినాలి.