ఒక్క పాటలో తగ్గిపోయిన గాయం

సినిమా చివరి సీనుకి హాలంతా లేచి చప్పట్లు కొడుతుంటే ప్రవల్లిక సీట్లోనే కూర్చుండిపోయింది. తెర మీద, యుద్ధంలో కాలు పోగొట్టుకుని చిన్న చప్పుడుకే వణికిపోయే జవాను ఒక్క పాటలో మామూలు మనిషైపోయి, కూతురితో కలిసి టపాకాయలు కాలుస్తున్నాడు. ఆ సీను రాసింది ఆమే. పక్క సీట్లో, ఆమెకి తన కథ చెప్పిన మాజీ జవాను ఏసురత్నం రెండు చెవులూ మూసుకుని తల వంచుకున్నాడు. ఆయన భార్య మార్తమ్మ మాత్రం చప్పట్లు కొడుతూ మొగుడి వంక ఆశగా చూస్తోంది. ఆ చూపే ప్రవల్లికని భయపెట్టింది.

నెల తిరక్కుండా, తనకి రాయడం నేర్పిన పరబ్రహ్మం మాస్టారి దగ్గరికి తెనాలి వెళ్ళింది. "నలుగురికీ ధైర్యం ఇద్దామనే అలా ముగించాను మాస్టారూ. తప్పంటారా?" అని అడిగింది. అడిగినదానికి జవాబు చెప్పే అలవాటు మాస్టారికి లేదు. చెప్పులేసుకుని, పద, ఆ ఏసురత్నం ఇంటికెళ్ళి చూసొద్దాం అన్నారు.

మార్తమ్మ సంబరపడిపోయి భోంచేసే వెళ్ళాలంది. వంటింట్లోంచే కబుర్లు మొదలెట్టింది. కుక్కర్ విజిలేస్తే ఈయనకి ఒళ్ళంతా చెమటలు పడతాయని ఇన్నేళ్ళూ గిన్నెలోనే వండి గంజి వార్చేదట. సినిమా చూసొచ్చాక, అలవాటు చేస్తేనే గదా భయం పోయేదని, ఇవాళే అటక మీంచి కుక్కర్ దింపిందట. మిలిటరీ వదిలినా కమాండర్ వదల్లేదండీ అని ఏసురత్నం మాస్టారితో వేళాకోళమాడాడు గానీ, చేతులు మాత్రం మంచం పట్టె వదల్లేదు.

విజిల్ వచ్చింది. ఆయన మంచం మీంచి కిందపడి, ముడుచుకుని, ఎప్పుడో చచ్చిపోయిన తోటి జవాన్ని పేరు పెట్టి పిలవడం మొదలెట్టాడు. మాస్టారు గబగబా వెళ్ళి స్టవ్ ఆపారు. మార్తమ్మ పరుగున వచ్చి మొగుడి తల ఒళ్ళో పెట్టుకుంది. చాలాసేపటికి ప్రవల్లిక వైపు తిరిగింది. ఆ గొంతులో కోపం లేదు.

"నువ్వే రాశావంట గదమ్మా. ఈయనకెప్పుడు తగ్గుద్దో నీకు తెలిసే ఉంటది."

ప్రవల్లిక లేచి వంటింట్లోకి వెళ్ళింది. మాస్టారు కుక్కర్ మీద తడిగుడ్డ కప్పి, ఆవిరంతా పోయేదాకా ఆగి, ఉడికీ ఉడకని అన్నాన్ని గిన్నెలోకి ఒంపుతున్నారు. మళ్ళీ రాస్తాను మాస్టారూ, ఈసారి ముగింపు మారుస్తాను అంది. అవతల గదిలో మార్తమ్మ ఇంకా జవాబు కోసం గుమ్మం వైపే చూస్తోంది. ఆవిడకేం చెప్పాలో ప్రవల్లికకి తోచలేదు. మీకు తోస్తే మీరైనా చెప్పండి, ఇప్పుడా పిల్ల ఏం చెయ్యాలి?

మాస్టారు గిన్నె పొయ్యి మీద పెట్టి, మంట తగ్గించి, పీట ఆమె వైపు జరిపారు.

"ఇది నిదానంగా ఉడుకుతుందమ్మా. కూర్చునే తీరికుందా నీకు?"