పుంజెవరో తేలిపోయింది

బంగారయ్య ఇంట్లోవాళ్ళకి తెలివి చాలా ఎక్కువ. ఎవరన్నారంటారా? వాళ్ళే అన్నారు. "మన బుర్ర ఊరంతటికీ పంచినా ఇంకా మిగుల్తుందే" అనేవాడు బంగారయ్య, భార్య నూకాలుతో. "ఆ మిగిలింది నాకివ్వు బావా" అనేవాడు నూకాలు తమ్ముడు తవిటయ్య. ముగ్గురూ ముగ్గురే!

వాళ్ళ కూతురు పైడితల్లి జ్వరంపడి లేచి, చీపురుపుల్లలా అయిపోయింది. డాక్టరు రోజుకో గుడ్డు పెట్టమన్నాడు. కొట్లో కొనొచ్చు కదా? అబ్బే! "కోడి ముఖం చూడకుండా దాని గుడ్డెలా తింటాం?" అంది నూకాలు. అంతే, బావా బావమరిదీ వెళ్ళి గంపెడు కోడిపిల్లల్ని కొనుక్కొచ్చారు. పిల్లలు ముచ్చటపడాలని కొట్టువాడు రంగులద్ది అమ్ముతాడే, అవి.

"గులాబివి సీమజాతి, పచ్చవి నాటు" అని దారిలోనే తేల్చేశాడు బంగారయ్య.

"మరి నీలివి బావా?"

"అవింకా ఏ జాతో తేల్చుకోలేదురా."

ఇంతలో వాన దంచికొట్టింది. ఇల్లు చేరేసరికి పిల్లలన్నీ తెల్లగా తేలాయి. "ఓరి నాయనో, జాతి కారిపోయింది!" అని తవిటయ్య లబోదిబోమన్నాడు. ఇంకేముంది, గంప కింద కారుతున్న రంగునీళ్ళు చెంబులోకి పట్టి, జాతి ఆవిరైపోకుండా మూతపెట్టి అటకెక్కించారు.

పక్కింటి గౌరమ్మ పిన్ని వచ్చి చూసి జాలిపడింది. "తల్లిలేని పిల్లలే నూకాలూ, తల్లికోడిలా చూసుకో" అంది. అంతే! నూకాలు వంట మానేసి పెరట్లో కాళ్ళతో మట్టి గీకడం మొదలెట్టింది. పురుగు కనిపిస్తే "కొక్కొక్కొ" అని పిల్లల్ని పిలిచేది. మొగుడు అన్నం పెట్టమంటే, "కింద గింజలున్నాయి, ఏరుకో" అనేది.

పిల్లలు ఎదిగాయి. ఒక్క గుడ్డూ లేదు. "వీటిలో పుంజులెన్నో, పెట్టలెన్నో! పుంజుల్ని మేపుతూ కూర్చుంటే నా కూతురేమైపోతుంది పిన్నీ?" అని భోరుమంది నూకాలు.

"దానికేడుస్తావేంటే! తెల్లారగట్ల అరిచి ఇంటిల్లిపాదినీ లేపేది పుంజు. దాన్ని సంతలో అమ్మేయ్. మిగతావి ఉంచుకో" అంది గౌరమ్మ.

మర్నాడు తెల్లారగట్ల అందరూ కళ్ళు గట్టిగా మూసుకుని, చెవులు రిక్కించి పడుకున్నారు. కోళ్ళు కిమ్మనలేదు. తవిటయ్యకి ఉండబట్టలేదు. "ఏదైనా కూసిందా?" అని గావుకేక పెట్టాడు. ఇల్లంతా దిగ్గున లేచి కూర్చుంది.

బంగారయ్య బావమరిదిని ఎగాదిగా చూశాడు. "నూకాలూ, పుంజు దొరికిందే" అన్నాడు.

"నా తోడబుట్టినవాడు పుంజని ఇన్నాళ్ళూ ఒక్కరూ చెప్పలేదే!" అని నూకాలు గుండెలు బాదుకుంది.

"మామయ్యని అమ్మొద్దు నాన్నా!" అని పైడితల్లి కాళ్ళకి చుట్టుకుంది.

తవిటయ్యకీ ఏడుపొచ్చింది. అయినా దిగమింగుకున్నాడు. "నీ గుడ్ల కోసమేగా తల్లీ, వెళ్తాలే. పెట్టల్ని జాగ్రత్తగా చూసుకో" అని, కట్టెయ్యమని కాళ్ళు చాపాడు.

బంగారయ్య అతన్ని తలకిందులుగా భుజాన వేసుకుని, ఆయాసపడుతూ సంతలో నిలబడ్డాడు. జనం మూగారు. ఒకాయన నవ్వాపుకోలేక, "ఏం పుంజయ్యా ఇది? ఫారంకోడిలా ఉందే!" అన్నాడు.

తవిటయ్యకి ఒళ్ళు మండిపోయింది.

"బావా! నాటుకీ ఫారానికీ తేడా తెలియనివాడికి నన్ను అమ్మావంటే ఊరుకోను!"