దీపం మీద దొర మొహం

రోమనుల ఏలుబడిలో ఉన్న ఒక రేవుపట్నంలో ఫుస్కా అనే కుమ్మరి ఆవిడ అచ్చులతో మట్టి దీపాలు చేసేది. వాటి మూత మీద వీరుడు హెర్క్యులిస్ సింహంతో కలబడే బొమ్మ ఉండేది. నూనె పోసే చిల్లు ఆ ఇద్దరి మధ్యా పెట్టేది.

ఇంటింటి నూనెలో సగం లాక్కునే అధికారి క్రిస్పస్‌కి ఆ బొమ్మ నచ్చలేదు. "ఇకమీదట మూత నిండా నా మొహమే ఉండాలి. లేకపోతే దీపాలు కాల్చే నీ ఆవం కూలగొట్టిస్తాను" అన్నాడు.

కొత్త దీపం చేతికిచ్చేసరికి అతను మండిపడ్డాడు. "నా నోట్లో ఈ చిల్లేమిటి?"

"నూనె పొయ్యాలి కదా దొరా. మూతంతా మీరే ఉన్నారు. ఇంక వేరే జాగా ఏదీ?"

"నోట్లోనే ఎందుకు? ఇంకెక్కడైనా పెట్టు."

"పెట్టి చూశాను. నుదుటి మీద పెడితే దొరకి బుర్ర లేదా అని చూసినవాళ్లు అడిగారు. కంట్లో పెడితే గుడ్డివాడా అన్నారు. నోట్లో పెట్టాక ఎవరూ ఏమీ అడగలేదు. ఊళ్లో నూనె ఎటు పోతోందో అందరికీ తెలుసు."

వెనకున్న భటులు తలలు దించుకుని నవ్వాపుకున్నారు. పాత బొమ్మే వేసుకోమని, తన మొహం ఉన్న అచ్చు ఇప్పుడే పగలగొట్టమని క్రిస్పస్ కసిరాడు.

ఫుస్కా అచ్చుని ఒళ్లోకి తీసుకుంది. "బొమ్మ మారుస్తాను దొరా. అచ్చు మాత్రం మా నూనె మాకు వదిలిన రోజున పగలగొడతాను."