దొరికాక వెతకడం

ముకుందం మాస్టారు ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే మనిషి కారు. ఎవరేమడిగినా "చూద్దాం" అని, చేతిలో ఉన్న పని అందించేవారు. ఆయన దగ్గర కంప్యూటర్ భాష పైథాన్ నేర్చుకుంటున్న విశాలికి ఈ అలవాటు ఒక పట్టాన మింగుడుపడేది కాదు.

ఆ రోజు ఆమె అడిగింది చిన్న ప్రశ్నే. జాబితాలో ఒక్కో పేరూ చూసుకుంటూ పోయే లూప్ రాసింది. మాస్టారు దాని మధ్యలో 'బ్రేక్' అని ఒక్క మాట చేర్చారు. కావలసిన పేరు దొరకగానే లూప్ అక్కడితో ఆగిపోతుంది. విశాలికి అది నచ్చలేదు. పారాయణ మొదలెడితే ఆఖరి శ్లోకం దాకా పీట మీంచి లేవని ఇంట్లో పెరిగిన పిల్ల మరి.

"మొదలుపెట్టినది సగంలో వదిలెయ్యడం తప్పు కాదా మాస్టారూ?" అంది.

"చూద్దాం. ముందు పుష్కరాల పనికి పదమ్మా," అన్నారాయన.

గోదావరి ఒడ్డున, తప్పిపోయినవాళ్ల శిబిరంలో ఇద్దరూ వాలంటీర్లు. మాస్టారిది మైకు, విశాలిది పుస్తకాలు. పదహారు రేవుల్లో ఒంటరిగా దొరికిన వాళ్ల వివరాలు రేవుకొకటి చొప్పున రాసిన లావుపాటి పుస్తకాలు గంటగంటకూ ఆమె ముందుకొస్తాయి. పొద్దున పది దాటాక నాగరత్నం అనే ఆవిడ తడి చీరతోనే పరుగెత్తుకొచ్చింది.

"మా అమ్మండీ, సూరమ్మ. మతిమరుపు మనిషి. ఎడం చేతి మీద నా పేరు పచ్చబొట్టు ఉంటుంది."

మూడో పుస్తకంలోనే సూరమ్మ పేరు కనిపించింది, పచ్చబొట్టు వివరంతో సహా. విశాలి అక్కడ కాగితం ముక్క పెట్టి నాలుగోది తీసింది. ఆ తర్వాత ఐదోది. పని పద్ధతిగా చేస్తున్నానన్న తృప్తి ఆమెకు లోలోపల లేకపోలేదు. ఎదురుగా నాగరత్నం మాత్రం, ఆమె మూసిన ప్రతి పుస్తకానికీ కాస్త కాస్త కుంగిపోతూ, చివరికి ఇసకలో చతికిలబడింది. పదహారోది మూశాక విశాలి తలెత్తి, "మూడో రేవులో ఉన్నారండీ," అంది.

"ఎప్పుడు కనిపించింది తల్లీ?"

"ఇందాకే. మూడో పుస్తకంలో."

"మరి ఆ మాట చెప్పకుండా ఇంతసేపూ ఎవర్ని వెతికావమ్మా?"

మాస్టారు మైకు పక్కవాళ్లకిచ్చి లేచారు. ముగ్గురూ పరుగులాంటి నడకతో మూడో రేవుకు చేరారు. సూరమ్మ అక్కడే ఉంది. పక్కన పెట్టిన మజ్జిగ ముట్టలేదు. కూతుర్ని చూడగానే ఆమె కొంగు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"పొద్దుట్నుంచీ ధైర్యంగానే కూర్చుందండీ. అమ్మాయి వస్తేనే తాగుతానంది," అన్నాడు అక్కడి వాలంటీరు. "ఓ పావుగంటైంది, ఇక రాదని ఏడుపు మొదలెట్టింది."

పావుగంట కిందట తాను పదకొండో పుస్తకం తిరగేస్తోంది. అది గుర్తొచ్చి విశాలి సిగ్గుతో చచ్చిపోయింది. కళ్లు తుడుచుకుంటూ, "దొరికాక కూడా చివరిదాకా చూడ్డం నా తప్పే మాస్టారూ," అంది.

మాస్టారు తల్లీకూతుళ్ల వంకే చూస్తూ నిలబడ్డారు.

"చివరిదాకా చూడాలమ్మా," అన్నారు. "దొరకనివాళ్ల కోసం."