బస్సింటి వాళ్ళ ఎండ కరెంటు

తెలివి పంచితే తరిగిపోయేదే అయితే నూకాలమ్మ ఇంట్లో ఈపాటికి చిటికెడు కూడా మిగిలేది కాదు. దారిన పోయేవాళ్ళని పిలిచి మరీ సలహాలు పంచే కుటుంబం అది. ఇల్లంటే మామూలు ఇల్లు కాదు, పాత కాలేజీ బస్సు. ఆవిడ మొగుడు సోమలింగం దాన్ని కొని, సీట్లు పీకేసి, మంచం, పొయ్యి, ఫ్రిజ్జు పెట్టాడు. అందులోనే కాపురం ఉంటూ, సంత సంతకీ తిరిగి చీపుర్లు అమ్ముకునేవారు. అద్దె లేదు, కరెంటు బిల్లు లేదు, పక్కింటి వాళ్ళు నచ్చకపోతే ఇల్లే తోలుకుపోవచ్చు, ఇంత తెలివి ఇంకెవరికొచ్చిందని నూకాలమ్మ అందరినీ అడిగేది. ఎవరికీ రాలేదని జవాబు కూడా ఆవిడే చెప్పేది.

బస్సు పైన సోలార్ పలకలున్నాయి. వాటి మీద ఎండ పడితే కరెంటు పుట్టి, మంచం కింద ఉన్న బ్యాటరీలో నిండుతుంది. ఫ్యానూ, ఫ్రిజ్జూ, బల్బూ అన్నీ దాని మీదే నడవాలి.

అన్నీ బాగానే ఉన్నాయి గానీ మరిది అప్పలకొండకి పెళ్ళి కావడం లేదు. బస్సులో కాపురం అనేసరికి పిల్లనిచ్చేవాళ్ళు చెప్పులు వేసుకునేవారు. చివరికి సన్యాసిరావు అనే ఆయన ఒక మెట్టు దిగాడు. ఆదివారం సాయంత్రం సంత మైదానానికి పిల్లని తీసుకునే వస్తానన్నాడు. ఫ్యాను తిరగాలి, చల్లటి నీళ్ళివ్వాలి, చీకటి పడితే బల్బు వెలగాలి. ఈ మూడూ కళ్ళారా చూస్తే అక్కడే తాంబూలాలు, లేదంటే ఎవరి దారి వారిది. నూకాలమ్మ కాపురానికొచ్చిన నాటికి అప్పలకొండ చెడ్డీలేసుకుని తిరిగే పిల్లాడు. తన చేతి ముద్దలు తిని పెరిగినవాడు ఒంటిగా మిగిలిపోతాడేమోనని ఆవిడకి ఒకటే దిగులు.

అందుకని ముందు రోజే సోలార్ మెకానిక్కుని పిలిపించింది. అతను చూసి మూడు ముక్కలు చెప్పాడు. పలకల మీద దుమ్ము పడనివ్వొద్దు. కరెంటు ఎక్కువ తాగే సామాన్లు ఒకేసారి వేయొద్దు. బస్సు ఎప్పుడూ ఎండలోనే ఉంచాలి. అంతే. ఆ మూడు ముక్కలూ అక్షరం పొల్లుపోకుండా పాటిస్తామని నూకాలమ్మ మాటిచ్చింది.

ఆదివారం తెల్లారగానే గాలి లేచింది. గాలి లేస్తే దుమ్ము లేవదా? ఇంకేముంది, నూకాలమ్మ బస్సు పైకెక్కి పలకల మీద మందపాటి దుప్పటి పరిచింది. దాని మీద టార్పాలిన్ కప్పించి తాళ్ళతో బిగించి కట్టించింది. ఇప్పుడు దుమ్ము ఎలా పడుతుందో చూస్తానని గాలికి సవాలు కూడా విసిరింది. కాసేపటికి ఫ్యాను నీరసపడి ఆగిపోయింది. పెళ్ళివారొస్తున్నారని సిగ్గుపడుతోందన్నాడు సోమలింగం. అప్పలకొండ పైకెక్కి టార్పాలిన్ కిందికి తల దూర్చాడు.

"ఒక్క రవ్వ దుమ్ము నేదు వదినా. సీకటిగా, సల్లగా ఉంది. నాకే నిద్దరొచ్చేస్తోంది" అన్నాడు.

మనిషికే నిద్రొస్తే పలకలకి రాదా, పాపం అవి ఎప్పుడో పడుకుని ఉంటాయని సోమలింగం తేల్చాడు. గబగబా దుప్పటి లాగేశారు. ఫ్యాను మళ్ళీ తిరిగింది. పలకల్ని సమయానికి నిద్ర లేపామని ముగ్గురూ ఒకరినొకరు మెచ్చుకున్నారు.

మధ్యాహ్నం పెళ్ళికొడుకు ముస్తాబు మొదలైంది. చొక్కాకి ఇస్త్రీ పెట్టె, స్నానానికి నీళ్ళు కాచే రాడ్డు, టీకి కరెంటు కెటిలు, మూడూ కావాలి. అప్పుడు నూకాలమ్మకి మెకానిక్కు రెండో ముక్క గుర్తొచ్చింది. ఏది ఎక్కువ తాగుతుందో తెలియాలి కదా. మనింట్లో ఎక్కువ తినేదెవరని అడిగింది. పొట్ట నిమురుకుంటూ తానేనన్నాడు సోమలింగం.

"మరి పొట్ట పెద్దదైతే కదయ్యా తిండెక్కువ? ఈ సామాన్లన్నింట్లో పెద్ద పొట్ట ఎవరిది?"

ఫ్రిజ్జుది. అంతే, ఫ్రిజ్జు ఆపేశారు. ఇస్త్రీ పెట్టె జానెడు లేదు, రాడ్డు వేలంత లావు లేదు, కెటిలు చెంబంత ఉంది, ఈ బక్క ప్రాణాలు ఏం తాగుతాయని మూడూ ఒకేసారి వేశారు. ఇంకేముంది, బ్యాటరీ పక్కనున్న ఇన్వర్టరు పెట్టె కుయ్యోమని మూలిగి ఊరుకుంది. ఫ్యాను ఆగింది. చొక్కాకి ముందు భాగమే ఇస్త్రీ అయింది. పెళ్ళివారి ముందు పొరపాటున కూడా వెనక్కి తిరగొద్దని వదిన మరిదికి గట్టిగా చెప్పింది.

కాసేపు వదిలేస్తే ఆ పెట్టె దానంతటదే తేరుకుని, ఫ్యాను మెల్లగా తిరగడం మొదలెట్టింది. హమ్మయ్య అనుకునేలోగా మబ్బు కమ్మి బస్సు మీద నీడ పడింది. బస్సు ఎప్పుడూ ఎండలోనే ఉంచాలన్నాడు కదా మెకానిక్కు. దూరంగా చెరకు తోటల మీద ఎండ కనిపిస్తోంది. సోమలింగం బస్సు తీశాడు. అప్పలకొండ పైకెక్కి ఎండ ఎటుందో కేకలేసి చెబుతున్నాడు. తోటల దగ్గరికి వెళ్ళేసరికి ఎండ ఇటుక బట్టీల దగ్గరికి పోయింది. బట్టీల దగ్గరికి వెళ్తే కాలువ దాటింది.

ఇదే సమయానికి సన్యాసిరావు కూతురు పైడమ్మతో మైదానంలో ఆటో దిగాడు. చూస్తే బస్సు లేదు. దూరంగా బస్సు పైకప్పు మీద పెళ్ళికొడుకు చేతులూపుకుంటూ పారిపోతున్నాడు. మళ్ళీ ఆటో ఎక్కి తరుముకుంటూ వెళ్ళి, కాలువ అవతల పట్టుకున్నాడు. అప్పటికి పొద్దు వాలిపోయింది, ఫ్యాను నిలిచిపోయింది. నూకాలమ్మ గౌరవంగా నీళ్ళిచ్చింది. ఆయన ఒక గుక్క తాగి, ఇవి వేడిగా ఉన్నాయేమిటని అడిగాడు.

"పొద్దున్న సల్లగానే ఉన్నాయన్నయ్యా. నువ్వే ఆలీసంగా వొచ్చినావు."

చీకటి పడింది. నూకాలమ్మ దేవుణ్ణి తలుచుకుని బల్బు స్విచ్చి వేసింది. వెలగలేదు. సన్యాసిరావు తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచాడు. నూకాలమ్మకి ఏడుపు ఆగలేదు. మా కొండ మంచోడు అన్నయ్యా, కరెంటు లేకపోతే వాడి తప్పా అని ఆయన కాళ్ళకి అడ్డం పడింది.

అప్పుడు పైడమ్మ తండ్రి చెయ్యి పట్టుకుని ఆపింది.

"కూకో నాన్నా. పలకలకి ఎలుతురే కదా కావాలి? సూరీడు పోతే పోనాడు. మన ఆటోలో ఛార్జింగు టార్చి నేదేటి?"

నూకాలమ్మ ఏడుపు అక్కడికక్కడే ఆగిపోయింది. ఈ పిల్ల మన ఇంట్లో పుట్టాల్సిందని అనుకుంది. సన్యాసిరావు ఆటోలోంచి టార్చి తెచ్చి కూతురి చేతికిచ్చాడు. పైడమ్మా అప్పలకొండా పైకెక్కి, చెరో చెయ్యీ వేసి పట్టుకుని పలకల మీద వెలుతురు కొట్టారు. కింద మిగతావాళ్ళు రెప్ప వేయకుండా బల్బు వైపే చూస్తూ కూర్చున్నారు. బల్బు వెలగలేదు గానీ కొంతసేపటికి టార్చి ఆరిపోయింది.

పెద్దలందరూ ఆలోచనలో పడ్డారు. ఎంతైనా పెద్ద కోడలు కదా, దారి నూకాలమ్మకే దొరికింది. ఇంత పెద్ద కరెంటు బస్సు పెట్టుకుని, జానెడు టార్చికి ఛార్జింగు లేదని దిగులు పడటమేమిటని అందరినీ కసిరింది. టార్చి వైరు తెచ్చి బస్సు ప్లగ్గులో గుచ్చింది. బస్సు కరెంటుతో టార్చి నిండుతుంది, టార్చి వెలుతురుతో బస్సు నిండుతుంది, ఇక సూర్యుడితో పనేముంది?

 తన పిల్ల తెలివికి తగ్గ ఇల్లు ఇన్నాళ్ళకి దొరికిందని సన్యాసిరావు కళ్ళు తుడుచుకున్నాడు. ఆ చీకట్లోనే తడుముకుంటూ తాంబూలాలు మార్చుకున్నారు. ముహూర్తం ఎప్పుడన్న మాటొచ్చింది. టార్చి పూర్తిగా నిండిన మర్నాడే పెళ్ళని ఇరువైపులవాళ్ళూ సంతోషంగా ఒప్పుకున్నారు.